మడమ వెనక తాడు

ప్రతి ఉదయం ఆయన నిచ్చెన తుడిచేవాడు. మొహం కడుక్కున్నాక, మరో పని ముట్టుకోకముందు, తడిగుడ్డ గట్టిగా పిండి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కో మెట్టూ తుడుచుకుంటూ వెళ్ళేవాడు. పసిపిల్లల మూతి తుడిచినంత నెమ్మదిగా తుడిచేవాడు. చివరి మెట్టు అయ్యాక గుడ్డ భుజాన వేసుకుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. దేవుణ్ణి ఏమడుగుతావని ఎవరైనా అంటే, “ఎక్కించిన చేత్తోనే దించమని” అనేవాడు. అంతకు మించి ఆయన ఏదీ కోరుకున్నట్టు మేమెవరం వినలేదు.

ఇళ్ళకి రంగులు వేయడం ఆయన పని. భార్య తమ్ముడే పనిలో తోడు. ఆ బావమరిదికి ఎత్తు పడదు. రెండో మెట్టు మీదే కళ్ళు తిరుగుతాయి. బావకేమో నేల మీద నిలబడి చేస్తే పని చేసినట్టే ఉండదు. అందుకే మొదటి రోజుల్లోనే ఇద్దరూ గోడని పంచుకున్నారు. చేయి అందినంత మేరా బావమరిదిది, ఆ పైన బావది. వీధిలో వాళ్ళు అసలు పేర్లు మర్చిపోయి ఒకాయనని పైనాయన అనీ, ఇంకొకాయనని కిందాయన అనీ పిలవడం మొదలుపెట్టారు. “గోడలు పాడైపోయాయి, ఇక పైనాయనకే చెప్పుకోవాలి” అని మా పిన్ని అంటే, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు పాపం ఈవిడకి ఏం కష్టమొచ్చిందో అనుకున్నారట.

ఆ ఇద్దరూ పని చేస్తుంటే ఇంట్లో అలికిడి ఉండేది కాదు. రంగు వేసే ఇంట్లో నిద్రపోయే పసివాళ్ళుంటారు, మంచం మీద జబ్బు మనుషులుంటారు, కేకలు పెట్టకూడదని వాళ్ళ నియమం. కిందాయన చేతిలో రంగు కలిపే కర్ర ఎప్పుడూ ఉండేది. దాని కొసతో పైనాయన మడమ వెనక ఒకసారి తట్టాడంటే, డబ్బా వస్తోంది, అందుకో అని. రెండుసార్లు తట్టాడంటే, నిచ్చెన జరపాలి, దిగు అని. మడమకి కర్ర తగలగానే పైనాయన తల తిప్పకుండానే ఎడమ చేయి కిందికి చాపేవాడు. డబ్బా పిడి వచ్చి ఆ చేతిలో పడేది. అది చూడటానికి పిల్లలు గుమ్మంలో గుమిగూడేవాళ్ళు.

ఆ ఏడు మా ప్రార్థన మందిరానికి రంగులు వేయడానికి వచ్చారు. అప్పటికి కొన్నాళ్ళుగా పైనాయనకి పొద్దున లేవగానే కుడి మడమ వెనక బిగుసుకుపోయేది. మొదటి అడుగులు ముళ్ళ మీద వేసినట్టు వేసేవాడు. కాస్త తిరిగితే సర్దుకునేది. భార్యకి చెప్పలేదు. కానీ నిచ్చెన కింద నిలబడే మనిషి కళ్ళెదుట ఉండేవి ఎప్పుడూ ఆ మడమలే గనక, కిందాయన వాపు పట్టేశాడు.

“బావా, పైభాగానికి ఇంకొకర్ని చూద్దామా? నీ మడమ బాలేదు. కొన్నాళ్ళు కూర్చో.”

“మడమకేం, రాయిలా ఉంది.”

“రాయిలా ఉందనే భయం. మందిరం పెద్దాయనతో కూడా ఓ మాట అన్నాను...”

పైనాయన చేతిలో కుంచె ఆగిపోయింది. “నాతో అనకముందే పెద్దాయనతో అన్నావా? నన్ను మూల కూర్చోబెట్టాలని ఎన్నాళ్ళనుంచి చూస్తున్నావురా?”

“అయ్యో, అది కాదు బావా.”

“నోర్మూసుకుని రంగు కలుపు.”

ఆ కోపంతోనే నిచ్చెనెక్కాడు. కప్పు దగ్గర మూల ఒకటి అందడం లేదు. నిచ్చెన జరిపించమని అడగడానికి నోరు రాలేదు. మునివేళ్ళ మీద లేచి, ఒళ్ళంతా పైకి సాగదీశాడు. టప్పుమని చప్పుడైంది. మందిరం ఊడ్చే ఆమె చీపురు వదిలేసి తిరిగి చూసింది. ఎండు కర్ర విరిగిందనుకుందట.

మడమ వెనక ఎవరో బలంగా కొట్టినట్టయింది ఆయనకి. కాలు జారింది. కిందాయన రెండు చేతులా నడుము పట్టుకుని, మోయలేక మోస్తూ నేలకి దించాడు. ఆయన చంకలో రంగు కర్ర అలాగే ఇరుక్కుని ఉంది. పైనాయన చూపు దాని మీద పడింది.

“కొట్టావా? నన్ను దించాలనే కదా, కాలు విరగ్గొట్టి దించావు!”

మందిరంలో ఉన్న వాళ్ళందరూ విన్నారు. కిందాయన కర్ర నేల మీద పెట్టాడు. బావకి నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనిపిస్తుంది. కాలి నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ దూరం వెళ్ళింది. ఇంట్లో ఆవిడ మొగుడికీ తమ్ముడికీ మధ్య నలిగిపోయింది. “నా తమ్ముడు చీమని కూడా తొక్కడు” అంటే, “చీమని తొక్కడు, నన్ను కొట్టాడు” అని ఈయన గోడకేసి తిరిగేవాడు. “మొహం అలా గోడకేసి పెట్టినంత మాత్రాన గోడకి రంగు పడదు” అని ఆవిడ కాపడం పెట్టేది, నూనె రాసేది. కర్ర దెబ్బ, కమిలింది, తగ్గిపోతుంది అనుకున్నారు. వాపు తగ్గింది కూడా. వేళ్ళు కదులుతున్నాయి. పాదం ఈడ్చుకుంటూ గది దాటగలుగుతున్నాడు. ఇంకేం తెగి ఉంటుందిలే అనుకున్నారు. అలా వారాలు గడిచిపోయాయి. వాపు తీసిన చోట వేలు పెడితే మెత్తగా లోపలికి దిగుతోందని ఆవిడే కనిపెట్టి, బలవంతాన ఆస్పత్రికి లాక్కెళ్ళింది. రిక్షా దగ్గర పట్టుకోవడానికి మనిషి కావాల్సి వస్తే తమ్ముడే వచ్చాడు. ఈయన ఆ భుజం మీద చేయి వేశాడు గానీ మొహం చూడలేదు.

డాక్టరమ్మ కాలు చూడకముందే ఒక ప్రశ్న అడిగింది. “వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా?”

“అనిపించడం కాదండీ, కొట్టాడు. మా బావమరిది. అదిగో, తలుపు దగ్గరున్నాడు.”

ఆమె నవ్వలేదు. మెల్లగా అంది. “ఈ దెబ్బతో వచ్చినవాళ్ళలో చాలామంది ఎవరో ఒకరి పేరు చెప్తారండీ. బంతాట ఆడుతూ పడిపోయిన ఒకాయన పక్కవాడితో కలబడ్డాడు. ఇంకొకాయనకి వెనక ఎవరూ లేరు, కుక్క తగిలిందన్నాడు. ఆ చప్పుడు బయట నుంచి వచ్చింది కాదు. మీ కాల్లోదే.”

బోర్లా పడుకోమంది. పాదాలు మంచం చివర వేలాడుతున్నాయి. ఎడమ పిక్క పట్టుకుని నొక్కితే పాదం తల ఊపినట్టు కిందికి వంగింది. కుడి పిక్క నొక్కింది. పాదం కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అలాగే వేలాడుతూ ఉంది.

“మనం అన్నిటినీ నరం అనేస్తాం గానీ ఇది నరం కాదు. కండని ఎముకకి కట్టే తాడు. టెండన్ అంటారు. పిక్క లాగితే ఈ తాడు మడమని పైకెత్తుతుంది. మీది తెగిపోయింది.”

“మరి నడుస్తున్నానే?”

“పక్కన చిన్న తాళ్ళున్నాయి, అవి ఎలాగో నెట్టుకొస్తున్నాయి. ఒక్క కాలి మునివేళ్ళ మీద లేవండి చూద్దాం.”

మంచం పట్టుకుని ప్రయత్నించాడు. జీవితమంతా మునివేళ్ళ మీద బతికిన మనిషి. మడమ నేల వదల్లేదు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పొద్దుటి బిగుసుకుపోవడమూ వాపూ ముందుగా వచ్చిన హెచ్చరికలే, తాడు అప్పటికే అరిగి ఉంటుంది. తెగిన కొత్తలో వస్తే పాదాన్ని కిందికి వంచి కట్టు కట్టి, కోత లేకుండానే అతికించే వీలు చాలామందికి ఉంటుంది. ఇప్పుడు పై కొసని పిక్క పైకి లాగేసుకుంది, మధ్యలో సందు పడింది. కోసి, బొటనవేలిని వంచే తాడుని పక్కనుంచి తెచ్చి మడమకి సాయంగా కట్టాలి. “బొటనవేలి బలం కొంచెం తగ్గుతుంది. నడకకి పెద్దగా లోటుండదు. నిచ్చెన సంగతి మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.”

భార్య కళ్ళొత్తుకుంది. ఈయన మళ్ళీ మంచం మీద బోర్లా పడుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చెప్పులు మాత్రం ఆయనకి కనిపిస్తున్నాయి. వాటి మీద మందిరం తెలుపు రంగు చుక్కలు కొత్తవి ఉన్నాయి.

ఆపరేషన్ అయింది. మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా కట్టు, పాదం కిందికి వంచి ఉంచారు. కట్టు మీద నుంచి ప్యాంటు ఎక్కదని వీధి చివర దర్జీ ఒక కాలు పొడుగునా విప్పి గుండీలు కుట్టి ఇచ్చాడు. అడక్కుండానే ఎదురింటివాళ్ళు స్నానాల గదిలోకి ఎత్తు పీట పంపారు. ఇలాంటి చిన్న సాయాలు చేసేవాళ్ళకి తాము పుణ్యం చేస్తున్నట్టు తెలియదు. అందుకే అవి దేవుడికి ఇష్టమని నా నమ్మకం. కిందాయన రోజూ పొద్దున వచ్చి బావని లేపి అరుగు మీద కూర్చోబెట్టి, తనూ అక్కడే కాసేపు కూర్చుని, పనికి పోయేవాడు. లోపల కూర్చోమంటే “చెప్పులకి రంగుందక్కా” అనేవాడు.

ఒకరోజు పైనాయన గొంతు సవరించుకున్నాడు. “ఒరేయ్, ఆ రోజు మందిరంలో...”

“కాలు దిండు మీద పెట్టుకో బావా, వాపొస్తుంది” అని కిందాయన లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒకసారి కూడా అంతే. చెప్పుకోవాల్సిన మాట గొంతులో ఉండిపోయింది. బావ క్షమాపణ చెప్పుకోవడం చూడలేకో, ఆ మాట మళ్ళీ వినలేకో, కిందాయన దాన్ని బయటికి రానిచ్చేవాడు కాదు.

కట్టు విప్పాక బిళ్ళలు పెట్టిన బూటు ఇచ్చారు. మడమ కింద పెట్టిన ఆ బిళ్ళల్ని ఒక్కొక్కటే తీస్తూ, పాదాన్ని నేలకి దించుతూ వచ్చారు. “బతుకంతా ఎక్కడమే కష్టమనుకున్నాను, మడమ దిగడానికి ఇంత తంటా ఉందా” అనేవాడు. తర్వాత వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి పంపారు. వయసులో కూతురంత, మాటలో అమ్మమ్మంత. ఒకరోజు నొప్పి లేదు కదాని ఈయన ఇంట్లో బూటు లేకుండా తిరిగాడని తెలిసి, ఎదురుగా కూర్చుంది.

“లప్పం పెట్టిన గోడని ఎప్పుడు రుద్దుతారు బాబాయ్?”

“ఆరాక.”

“చేయి పెడితే పొడిగా తగిలితే చాలా?”

“పైకి పొడిగా ఉంటే ఏం లాభం? లోపల తడి ఉంటే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.”

“ఇది కూడా అంతే. తాడుకి నెత్తురు తక్కువ అందుతుంది, నెమ్మదిగా అతుకుతుంది. నొప్పి పోయిన రోజుల్లోనే మళ్ళీ తెగేది. నొప్పి లేదంటే ఆరిందని కాదు. అలాగని కదలకుండా కూర్చుంటే బిగుసుకుపోతుంది. నేను చెప్పినంతే, చెప్పినప్పుడే.”

ఆ తర్వాత ఆయన ఒక్కరోజు కూడా మాట జవదాటలేదు. గోడ పట్టుకుని రెండు కాళ్ళ మీద లేవడం, రెండు కాళ్ళ మీద లేచి ఒక కాలి మీద దిగడం, అలా నెలలు గడిచాయి. పిక్క సన్నబడిపోయింది, మెల్లమెల్లగా కండ పట్టింది.

ఈ కాలమంతా మా మందిరం సగం గోడతో ఉంది. కిందాయన చేయి అందినంత మేరా తెల్లగా మెరిసేది, ఆ పైన పాత పసుపు. ప్రార్థనకి కూర్చున్న వాళ్ళ కళ్ళు అక్కడికే పోయేవి. పెద్దాయన ఇంకొకర్ని పెట్టి పూర్తి చేయిద్దామంటే కిందాయన తల వంచుకుని ఒకే మాట అనేవాడు. “పై గోడ బావదండీ.” పెద్దాయన ఆ మాటకి గౌరవమిచ్చాడు. రంగు కలిపే కర్రని మాత్రం కిందాయన మళ్ళీ పట్టుకోలేదు. అక్క ఇంట్లో పాత గరిటె ఒకటి తీసుకెళ్ళి దాంతో కలిపేవాడు. “నా గరిటె ఏదిరా?” అంటే, “పనిలో ఉంది” అనేవాడు.

ఒకరోజు పైనాయన ఏమీ పట్టుకోకుండా కుడికాలి మునివేళ్ళ మీద లేచాడు. వణికాడు గానీ మడమ లేచింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, “కిందివైపు మెట్లు ఎక్కొచ్చు. మెట్టు మీద పాదం మొత్తం ఆనాలి. అందకపోతే సాగకూడదు, నిచ్చెన జరపమని అడగాలి” అంది.

మర్నాటి ఉదయం ఆయన చాలాకాలం తర్వాత నిచ్చెన తుడిచాడు. కింది మెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాడు. తర్వాత ఇంటి మూలల్లో దేనికోసమో వెతికాడు.

మందిరంలో కిందాయన నిచ్చెన వేసి, కింది మెట్టు మీద తన పాదం మోపి గట్టిగా పట్టుకున్నాడు. పైనాయన నెమ్మదిగా ఎక్కి, తెలుపు ఆగి పసుపు మొదలయ్యే చోట నిలబడ్డాడు. మడమ వెనక పొడవాటి కుట్ల మచ్చ ఉంది. అది సరిగ్గా కిందాయన కళ్ళెదుటే ఉంది. ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు. గరిటెతో రంగు కలిపి, డబ్బా ఎత్తి, గొంతు తగ్గించి పిలిచాడు.

“బావా, డబ్బా.”

పైనాయన చేయి చాపలేదు. గోడకేసే చూస్తూ ఉన్నాడు.

“బావా, డబ్బా వచ్చింది. అందుకో.”

పైనాయన నడుముకి దోపుకున్నదాన్ని తీసి, వెనక్కి, కిందికి చాపాడు. ఆ రంగు కర్రే. ఊడ్చే ఆమె బెంచీ కింద నుంచి తీసి దాచి ఉంచితే, అడిగి తెచ్చుకున్నాడట.

“నోటితో పిలవొద్దురా. నాకొక సాయం చెయ్యి.”

“ఏంటి బావా?”

“దీంతో తట్టు. ఆ మచ్చ మీదే. ఎప్పట్లాగే.”