బియ్యం డబ్బాలో రేడియో

"శ్రోతలు లేరు" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట అన్నవాళ్ళ మీదా కోపమే, అనిపించినవాళ్ళ మీదా కోపమే. అది చల్లారదు, చల్లారాలని నాకూ లేదు.

చీపురుపల్లి దగ్గర మాదొక చిన్న ఎఫ్ఎం స్టేషన్. చుట్టుపక్కల పల్లెల వరకే వినిపిస్తుంది. అందులో సాయంత్రం పూట పిల్లల కార్యక్రమం నాది. ఊరికొకరిద్దరు పిల్లల్ని స్టేషన్‌కు రప్పించి కథలు, పొడుపు కథలు చెప్పించేదాన్ని. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఇంట్లో ఎలా మాట్లాడతారో మైకు ముందు కూడా అలాగే మాట్లాడాలి. "సెప్పు" అన్నా, "ఏటి" అన్నా దిద్దేది లేదు. ఆ మాటలకే బడిలో వెక్కిరింపులు తిని నోరు మూసుకున్న పిల్లలు నా మైకు దొరికితే వదిలేవాళ్ళు కాదు. మా వైపు అక్కను అప్ప అంటాం. నన్ను అందరూ రేడియో అప్ప అనేవారు.

వింటున్నారని నీకెలా తెలుసు అంటే, నాకు సంతలో తెలిసేది. వంకాయలు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో పిల్ల కొంగు లాగి, "నువ్వు రేడియో అప్పవి కాదేటి?" అనేది. నా ముఖం ఎరగదు, గొంతు విని గుర్తుపట్టేసేది. అది విన్నాక వంకాయలమ్మే ఆవిడ కూడా నాలుగు కాయలు కొసరు వేసేది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

కొత్తగా వచ్చిన మేనేజరు గారికి కావాలట. "పిల్లల ప్రోగ్రాం మీద స్టేషన్‌కు పైసా రాబడి లేదమ్మా. ఎంతమంది వింటున్నారో తేలితే ప్రకటనలు అడగొచ్చు. తేలకపోతే ఆ టైము ఇంకెవరికైనా ఇచ్చేయాలి" అన్నారు. మాట సబబుగానే తోచింది. లెక్క తీస్తే మంచిదే, జనం ఉన్నారు కదా అని ధీమాగా ఉన్నాను. విశాఖపట్నం నుంచి సర్వే ఆయన దిగాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, మా ఎర్రమట్టి దారికి తెల్ల బూట్లు.

మనుషులు పొలాల నుంచి ఇళ్ళకు చేరేది సాయంత్రమే కాబట్టి ఆ వేళకే వెళ్ళాలి. నా కార్యక్రమం ముందే రికార్డు చేయించి, దారి చూపించడానికి నన్ను వెంట పంపారు. నోరు మాత్రం విప్పకూడదని షరతు పెట్టారు. నా గొంతు వింటే జనం మొహమాటానికి అవునంటారట.

"మీ ఇంట్లో రేడియో ఉందా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. మొదటి ఇంట్లో "నేదు బాబూ" అన్నారు. రెండో ఇంట్లో "మాకెక్కడిది బాబూ" అన్నారు. వీధిలోకి అడుగు పెడుతున్నప్పుడు ఒక వసారా గుంజకు రేడియో వేలాడుతూ కనిపించింది. మేం ఆ ఇంటికి చేరేసరికి మేకు ఒక్కటే మిగిలింది. దాని కింద కూర్చున్న పిల్లల్ని కూడా ఎవరో తరిమేశారు. నాకు అప్పుడు తెలిసొచ్చింది. ట్యాబు పట్టుకుని ఇంట్లో ఏముందని అడిగేవాడు ఎవడైనా సరే, రేషన్ బియ్యం కార్డు తీసేయడానికే వచ్చాడని వీధి వీధంతా నమ్మింది.

వీధి చివర ఒక ముసలమ్మ అరుగు మీద చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. పక్కన మనవరాలు కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే ముసలమ్మ చేట వదిలేసి, అరుగు మీదున్నదేదో కొంగులో చుట్టుకుని లోపలికి పరిగెత్తింది. డబ్బా మూత పడిన చప్పుడు వినిపించింది. కొంగు సర్దుకుంటూ మళ్ళీ బయటికొచ్చింది.

"రేడియో ఉందా మామ్మా?" అని సర్వే ఆయన అడిగాడు.

"రేడియోనా? అదెలాగుంటాది బాబూ?"

సరిగ్గా అప్పుడే లోపల బియ్యం డబ్బాలోంచి నా గొంతు వినిపించింది. "పిల్లలూ, ఈరోజు ఎవులు ముందు సెప్తారు?" పాపం, కంగారులో కట్టేయడం మరిచిపోయింది.

సర్వే ఆయన తలెత్తాడు. "అదేంటి?"

"పక్కింటోలది బాబూ."

పక్కన ఇల్లే లేదు, జీడితోట ఉంది. మనవరాలు నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన ఒకసారి తోట వైపు చూసి, ట్యాబు మీద "లేదు" అన్నచోట నొక్కాడు.

ఇక నా వల్ల కాలేదు. "ఏమయ్యా, చెవులున్నాయా నీకు? ఇంత స్పష్టంగా వినబడుతుంటే లేదని నొక్కుతావా?" అని అరిచాను.

"వాళ్ళు ఏది చెబితే అదే నొక్కాలి మేడమ్. నాకు వినబడింది నొక్కడానికి ఇందులో చోటు లేదు" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఇంకా మండింది.

ముసలమ్మ నన్నూ, లోపలి డబ్బానీ మార్చి మార్చి చూస్తోంది. మనవరాలు చటుక్కున లేచింది. "ఓలమ్మో, రేడియో అప్ప! అప్పా, వచ్చే వారం నా వంతే! మా బళ్ళో పేరిచ్చీసినాను. ఎవులికీ రాని పొడుపు కథ నా కాడున్నాది!"

"మామ్మా, ఉన్నాదని సెప్పు. ఇది కార్డు గురించి కాదు, ఒట్టు" అని బతిమాలాను.

"నేదమ్మా" అంది ముసలమ్మ, నేల చూపులు చూస్తూ.

మధ్యలో నేను మాట్లాడాను కాబట్టి ఆ ఇల్లు అసలు లెక్కలోకే రాదని సర్వే ఆయన తేల్చాడు. నొక్కిన "లేదు" కూడా తుడిచేశాడు.

ఆ తర్వాత మేనేజరు గారు గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించారు. నా కార్యక్రమానికి శ్రోతలు లేరు. జరిగిందంతా చెప్పాను. మళ్ళీ వెళ్ళండి, ఈసారి ట్యాబు లేకుండా వెళ్ళి, పెద్దవాళ్ళను కాదు, పిల్లల్ని అడగండి అన్నాను.

"పిల్లల జవాబులు పనికిరావమ్మా. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళనే అడగాలి. అది పద్ధతి."

పిల్లల కార్యక్రమం ఎవరు వింటున్నారో తెలుసుకోవడానికి పిల్లల్ని అడగకూడదు! పెళ్ళికొడుకును పందిరి బయట నిలబెట్టి ముహూర్తం పెట్టినట్టుంది. బల్ల గుద్ది మరీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ వారమే నా టైమును ఒక ప్రైవేటు బడికి ఇచ్చేశారు. పేరిచ్చిన పిల్లలెవరూ రానక్కరలేదని కబురు పంపారు.

స్టేషన్‌లో చెల్లని కోపాన్ని పట్టుకుని తిన్నగా ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. నాలుగు దులిపేద్దామనే వెళ్ళాను. ఒక్క "ఉన్నాది" అంటే నీ సొమ్మేం పోయింది అని గుమ్మంలోనే అడిగేశాను.

"తిట్టడానికొచ్చినావా? తిట్టు" అంది. "పోయినేడు ఇలాగే ఒకడొచ్చినాడు. ఫేను ఉన్నాదా, మరోటి ఉన్నాదా అనడిగినాడు. మా తోడికోడలు ఉన్నాదన్నాది. దాని కార్డు ఆగిపోనాది. అందుకే ఆగిపోనాదో, మరెందుకో, అడిగితే సెప్పినోడు నేడు. నీ రేడియో కోసం నా బియ్యం ఒగ్గీమంటావా?"

అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు అడిగినవాడికి నిజం ఎందుకు చెబుతారు? కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియక అరుగు మీద కూలబడ్డాను.

ముసలమ్మ నాకు అంబలి గ్లాసు అందించి కిటికీ చూపించింది. రేడియో అక్కడ వీధిలోకి కనిపించేలా పెట్టి ఉంది. "నువ్వు రావట్నేదని నా మనవరాలు గుంట రోజూ ఏడుత్తంది. అందుకే బయటికెట్టీసినాను. ఇప్పుడు ఎవులొచ్చి అడిగినా ఉన్నాదనే సెప్తాను. రమ్మను ఆడ్ని" అంది.

ఇక ఎవరూ రారని ఆవిడకు చెప్పలేకపోయాను. రేడియోలో ఆ బడివాళ్ళ ప్రకటన మొదలైంది. "మీ పిల్లలు ఇంకా మోటుగా మాట్లాడుతున్నారా? నలుగురిలో నవ్వులపాలవుతున్నారా? మా బడిలో చేర్పించండి, మాట మార్చి పంపిస్తాం." నేను మూడేళ్ళు మైకు ముందు కూర్చున్న సమయం అది.

మనవరాలు గుంజ చాటున నిలబడి ఉంది. దగ్గరకు పిలిచాను. "నీ పొడుపు కథ ఏటమ్మా? స్టేషన్ నేకపోతే పోయింది. నాకు సెప్పు, నాను వింటాను."

తల అడ్డంగా ఊపింది.

"ఏం? మర్సిపోనావా?"

"మర్సిపోనేదు. నాను సెప్పనప్పా. నా మాట మోటంట."

"ఎవులన్నారు?" అన్నాను. బడిలో ఎవరన్నారో తెలిస్తే రేపే వెళ్ళి అడుగుదామని లేచాను కూడా.

పిల్ల కిటికీ వైపు వేలు చూపించింది. "మన రేడియోలోనే సెప్పినారు."