నువ్వుగింజ

మా ఆశ్రమ పాఠశాల అరకు దాటాక కొండ మలుపులో ఉంటుంది. నేను తెలుగు చెబుతాను. పిల్లల గోడు వినే పని కూడా నాకే అప్పజెప్పారు. శిక్షణలో ‘ఏడిపించకండి’ అని రంగుల పోస్టరు ఒకటి ఇస్తే తెచ్చి అంటించాను. గోడకి బాగానే ఉంది.

ఆ ఏడు ఆరో తరగతిలోకి పైకొండ ఊరి నుంచి ఒక పిల్ల కొత్తగా వచ్చింది. మొదటి వారమే, హాజరు అయిపోయాక లేచి, “మేడం, నువ్వు నా పేరు పిలవలేదు” అంది. తరగతి గొల్లుమంది. వాళ్ళ ఊరి మాటలో ఎంత పెద్దవాళ్ళనైనా నువ్వనే అంటారు. ‘మీరు’ బడికొచ్చాక నేర్చుకునే మాట. పిల్ల చూస్తే పిట్టంత. సాయంత్రానికల్లా ‘నువ్వుగింజ’ అని పేరు పడిపోయింది.

భోజనాల వరసలో నువ్వుగింజ, కుళాయి దగ్గర నువ్వుగింజ. పిల్ల నోరు విప్పడం మానేసింది. వచ్చే సంతరోజు వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోతాడట అని వార్డెన్ చెప్పింది. ఒకసారి అలా కొండెక్కిన పిల్ల మళ్ళీ బడికి దిగి రావడం నేను చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

నవ్వినవాళ్ళందరినీ ఎండలో నిలబెట్టమన్నారు తోటి మాస్టారు. ఆ కసి హాస్టల్లో ఎవరి మీద తీర్చుకుంటారో ఆయనకి తెలియదా? అందరి ముందు సారీ చెప్పించడమూ నాకు గిట్టదు. నోరు సారీ అంటుంది, కళ్ళు ‘ఉండు నీ పని చెప్తా’ అంటాయి.

పేరు పెట్టింది తరగతి లీడరు, గడుసు పిల్ల. రాజ్మా కాయలు ఒలవాలని వంటింటి వెనక్కి ఒక్కదాన్నే పిలిచాను.

“కొత్తలో నన్నేమనేదానివో గుర్తుందా?”

“మేడం నువ్వు కూకో, అన్నాను.” తల దించుకుంది. “అప్పుడు అందరం అలాగే అనేవోళ్ళం కదా.”

“మీరందరూ ఒకేసారి వచ్చారు, ఇది ఒక్కతీ వచ్చింది. పేరు పెట్టింది నువ్వు, తీసెయ్యాల్సిందీ నువ్వే. ఎలాగో నీ ఇష్టం.”

మర్నాడు పాఠం పక్కన పెట్టి, ఇంట్లో ఎవరెవరిని నువ్వంటారో చెప్పమన్నాను. అమ్మని అన్నారు ముందు. “సెల్లిని, మేకపిల్లని” అన్నారు ఇంకొందరు. “మా ఊరి అమ్మోరిని” అంది వెనక బెంచీ. చర్చికెళ్ళే పిల్ల లేచి, “ప్రార్థనలో యేసయ్యని కూడా” అంది.

“మరి ఈ గుంట నన్ను ఎవరితో కలిపినట్టు?”

లీడరే నోరు తెరిచింది. “అమ్మతో, మేడం. మేకపిల్లతో కూడానేమో.”

మళ్ళీ గొల్లుమన్నారు. ఈసారి నవ్వు నా మీద. కొత్త పిల్ల కూడా చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పూట నుంచి లీడరు ఆ పిల్లని సొంత పేరుతోనే పిలిచింది, పక్కనే కూర్చుని తింది. లీడరు ఎటుంటే మిగతావాళ్ళూ అటే. ఇద్దరు మాత్రం మానలేదు. వాళ్ళ చేత కూడా ఒక్కొక్కరిగా రాజ్మా ఒలిపించాను.

సంతరోజు తండ్రి రానే వచ్చాడు. పిల్లలంతా వరండాలో మూగారు. నా పద్ధతి మీద నాకు నమ్మకమే, అయినా అక్కడి నుంచి కదల్లేకపోయాను. తండ్రీ కూతురూ వాళ్ళ మాటలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆయన నా వైపు తిరిగాడు.

“రానంతంది మేడం. మరి నువ్వే సూసుకో.”

వరండాలో ఒక్కరూ నవ్వలేదు.