కాలవలో ఐదు గొలుసులు

నిన్న సాయంత్రం టీవీలో ఈతపోటీలు చూస్తూ కాఫీ చల్లార్చుకున్నాను. పసుపుపచ్చ టోపీల ఆస్ట్రేలియా పిల్లలు నీళ్లలోకి దూకగానే నాకు తెలియకుండానే కుర్చీ అంచుకు జరిగాను. ఎందుకంత ఆత్రమని ఇంట్లోవాళ్లు నవ్వారు. ఆ దేశంతో నా చుట్టరికం పందొమ్మిదివందల యాభైఆరు నాటిది. కడప దగ్గర, కర్నూలు-కడప కాలవగట్టు మీద కుదిరింది.

అప్పుడు నేను పత్రికకు కొత్త విలేకరిని. మెల్బోర్న్‌లో ఒలింపిక్సు జరుగుతున్నాయి. మద్రాసు నుంచి రైల్లో వచ్చిన పత్రిక విప్పడమే ఆలస్యం, మా చిన్న మేనమామ నా భుజం మీదుగా తల దూర్చేవాడు. నాకంటే రెండేళ్లే పెద్ద. మా ఊరి కపిలబావిలో దూకితే అడుగున మట్టి పిడికిట్లో పట్టుకుంటే గాని పైకి వచ్చేవాడు కాదు. వంద మీటర్ల ఈతలో మొదటి ముగ్గురూ ఆస్ట్రేలియావాళ్లే, ఆడవాళ్లలోనూ ముగ్గురూ వాళ్లే అని చదివిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. తాను వాళ్లకెంత దూరంలో ఉన్నాడో తేల్చుకోవాలి. వెళ్లి హైస్కూలు డ్రిల్లు మాస్టరును పట్టుకున్నాడు. వంద మీటర్లకు పట్టే సమయం బాగుంటే హైదరాబాదుకు రాసి పోటీలకు పంపిస్తానని మాస్టరు మాటిచ్చాడు.

మీటరు లెక్క మాకు కొత్త. పొలాలు కొలిచే గొలుసుతో అయితే ఐదు గొలుసులకు కాస్త తక్కువని మాస్టరు తేల్చాడు. కరణం దగ్గర గొలుసు తెచ్చి, గట్టు వెంట కొలిచి, రెండు కొసలా కందికట్టెలు పాతాం. కాలవ నిండుగా పారుతోంది. మామ దూకాడు. గట్టు మీద జనమంతా పరుగు, పంచె ఎగగట్టి నేనూ పరుగు. మాస్టరు గడియారం నొక్కి, చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మెల్బోర్న్ విజేతకంటే తక్కువ సమయం. ఆ కేకల్లో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. మామను భుజాలకెత్తుకున్నారు. నేను టెలిగ్రాం కాగితం మోకాలి మీద పెట్టుకుని, కడప యువకుడు ప్రపంచాన్ని మించాడని రాసేశాను.

తూము దగ్గర బీడీ కాలుస్తూ ఇదంతా చూస్తున్న కాలవ లస్కరు తీరిగ్గా లేచి వచ్చాడు. గేట్లు ఎత్తడం, దించడం ఆయన పని.

"ఏమప్పా, ఆ దేశంలో గూడా నీళ్లు ఇట్లే పారతాంటాయా? పొద్దున్నే గేటు ఇంకో జానెడు ఎత్తినా. మీవోడు చేతులు కట్టుకోనున్నా సగం దూరం నేనే పంపించుంటా."

బావుల్లో ఈత నేర్చినవాళ్లం. నీళ్లకు నడక ఉంటుందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మాస్టరు నేల చూపులు చూశాడు. నేను కాగితం మడిచేశాను. మామ మాత్రం భుజాల మీదినుంచి దిగి, దిగువ కట్టె దగ్గర మళ్లీ నీళ్లలోకి దిగాడు.

"ఇంతసేపూ నీళ్లు నన్ను మోసినాయి. ఇప్పుడు నేను పోతా ఎగువకు. అది రాయండి సార్" అన్నాడు మాస్టరుతో.

నాలుగు బారలు వేస్తే ఒక బెత్తెడు. ఒక్కోచోట ఎంత ఈదినా ఉన్నచోటే ఉన్నాడు. మేమూ అక్కడే నిలబడిపోయాం. ఎగతాళి చేసిన లస్కరే బీడీ పారేసి, "ఒడ్డుకు రాప్పా, ఈడ వడి తక్కువ" అంటూ పక్కనే నడిచాడు. చివరికి మామ చెయ్యి ఎగువ కట్టెకు తగిలింది. గట్టు మీద పడి, ఊపిరి అందాక, ఎంతైందని అడిగాడు. మాస్టరు రెండు చేతులా చప్పట్లు కొడుతున్నాడు. గడియారం మెడలో వేలాడుతోంది. నొక్కడం మరిచిపోయానని ఆయన ఒప్పుకున్నాడు. మామ వెల్లకిలా పడుకుని కడుపుబ్బ నవ్వాడు.

మళ్లీ కొలుద్దామనుకున్నాం గానీ, ఆ వారమే కాలవకు నీళ్లు కట్టేశారు. నీళ్లొచ్చే వేళకు మామ సేద్యంలో పడ్డాడు. హైదరాబాదుకు ఉత్తరం పోలేదు. ఆ ఎదురీతకు ఎంతసేపు పట్టిందో ఎక్కడా రాసి లేదు. అందుకే కాబోలు, ఇన్నేళ్లయినా నాకది ముగియలేదు.