లంగా లోపలి మూడు మడతలు

1968 జూన్ 3, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు పటాన్‌చెరులోని దర్జీ చాచా నా బడి లంగా కుట్టి ఇచ్చాడు. మొన్న ట్రంకు పెట్టెలో అదే లంగా కనిపించింది.

ఆ రోజు ఇంటికొచ్చి కొలిస్తే, అమ్మ కొన్న బట్టకంటే జానెడు తక్కువ. ఏడుస్తూ దుకాణానికి పరుగెత్తాను.

"చాచా, నా బట్ట కొట్టేసినవ్!"

"దొరికిండు దొంగ!" అని అక్కడ కూర్చున్నవాళ్లు నవ్వారు. చాచా నవ్వలేదు. లంగా తిరగేసి, అంచు లోపల కుట్టిన మూడు మడతలు చూపించాడు.

"కొట్టేయలే బిడ్డా, దాచిపెట్టిన. నువ్వు ఎత్తు పెరుగుతవ్ గద, ఏటా ఒకటి ఇప్పుత."

రెండేళ్లలో రెండు విప్పాడు. మూడో ఏడు రోడ్డు వెడల్పు చేస్తూ దుకాణం కూలగొట్టారు. చాచా ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు. మూడో మడత అమ్మ విప్పబోతే, చాచాయే విప్పాలని పట్టుబట్టాను.

పోయినవి ఒక దుకాణం, ఒక చాచా. మడత ఇంకా అలాగే ఉంది.