గేగు లోతు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు సూరత్. ఒక ప్రభుత్వరంగ సంస్థ టౌన్‌షిప్‌లో తోటల విభాగానికి సీనియర్ సూపర్‌వైజర్‌గా, దీపావళి వెళ్లిన మరుసటి సోమవారం చేరాను. ఆఫీసరుకు కింద, మాలీలకు పైన ఉండే హోదా అది. మొక్క బతికితే పేరు ఆఫీసరుది, చస్తే సంజాయిషీ సూపర్‌వైజరుది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఈ సూత్రం ఎక్కడా తప్పలేదు.

చేరిన రోజే ఎస్టేట్ మేనేజరుగారు పిలిచి రెండు సంగతులు చెప్పారు. కొత్త గేటు దారికి ఇరువైపులా బిస్మార్క్ పామ్‌లు కావాలి. వెండిరంగు విసనకర్రల్లాంటి ఆకులుండే తాటి జాతి చెట్టు అది. అరవై గింజలు అప్పటికే తెప్పించి ఉంచారు. హోలీ తర్వాత జరిగే తనిఖీలో మొలకలు చూపించలేకపోతే నర్సరీ మూసేసి, ఆ జాగా పార్కింగుకు ఇచ్చేస్తారు. నర్సరీ మూతపడితే అందులో పనిచేసే నలుగురు ఆడవాళ్ల కూలీ కూడా పోయినట్టే.

ఆ నలుగురికీ పెద్ద రాజవ్వ. సూరత్ శివారు భేస్తాన్‌లో ఉండేది. భర్త పవర్‌లూమ్ కార్మికుడు. సొంతూరు కరీంనగర్ వైపు. ఊరికి వెళ్లొచ్చి నాకు ఉడకబెట్టిన తేగలు తెచ్చింది. "గేగులు తినుండ్రి సారు" అంది. నేను గుంటూరువాణ్ణి. గేగులేమిటమ్మా, తేగలనాలి అని సరిదిద్దాను. ఆనాటి నుంచి ఆ నలుగురూ నా వెనక నన్ను "తేగల సారు" అని చెప్పుకుని నవ్వుకునేవారట.

ఈ గింజ మొలవాలంటే రాత్రీ పగలూ ముప్ఫై డిగ్రీలు దాటిన వెచ్చదనం కావాలి. సూరత్ చలి మనుషులకు హాయి, ఈ గింజకు మాత్రం నిద్రమందు. మార్గం బాటమ్ హీట్. అంటే మట్టికి పైనుంచి కాక అడుగునుంచి వేడి పెట్టడం. నర్సరీ షెడ్డుకు సాయంత్రం ఆరింటికి కరెంటు తీసేస్తారు కాబట్టి, అనుమతి తీసుకుని గింజలను మా క్వార్టర్ వెనక వరండాకు తెచ్చుకున్నాను. చెక్కపెట్టెలో రెండు నలభై వాట్ల బల్బులు, వాటిపైన రేకు, రేకు మీద ఇసుక, ఇసుకలో ట్రేలు, ట్రే అడుగున థర్మామీటరు. ఇంట్లో చలికి పెరుగు తోడుకోవడం లేదు గానీ గింజలకు మాత్రం పరుపు కింద కుంపటా అని మా ఆవిడ దెప్పింది.

గింజల మీద పీచు గీకి, నాలుగు రోజులు రోజుకోసారి నీళ్లు మారుస్తూ నానబెట్టాను. అరవైలో ముప్ఫై మాత్రమే మొదట వేశాను. అన్నీ ఒకే విడతలో వేయకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ట్రేలు మూడంగుళాల లోతువి. పాత పోస్టింగులో అవే ట్రేలలో వందల పోక మొక్కలు లేపాను. ఆ ధీమా నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

ఐదు వారాలు గడిచినా పైకి ఒక్క మొలక రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. గింజలు పాతవి, పనికిరావు అని రిపోర్టు రాయడానికి కాగితం కూడా తీశాను. ఆ ఉదయం కొబ్బరిపొట్టు బస్తాతో రాజవ్వ మా ఇంటికి వచ్చింది. పారేద్దామని నేను ఒక ట్రే బోర్లిస్తే, మట్టిలోంచి వేలంత తెల్లటి కాడలు బయటపడ్డాయి. ప్రతి కాడా గింజలోంచి నేరుగా కిందికి దిగి, ట్రే అడుగు తగిలి వంకర తిరిగి, వేడికి కొస మాడిపోయి ఉంది. మిగతా ట్రేలదీ అదే కథ.

రాజవ్వ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఏంది సారు, గిది మన గేగు లెక్కనే ఉన్నది గద! ముందుగాల కిందికి పోతది, పైకి ఎన్కసిరి. గింత ట్రేల ఏడికి పోవాలె?"

నాకు తల కొట్టేసినంత పనైంది. చిన్నప్పుడు తాటిటెంకల పాతర తవ్వి తేగలు పీకి తిన్నవాణ్ణి. తాటి టెంక ఆకు కనిపించడానికి ముందు జానెడు లోతుకు దిగుతుందని నాకు తెలుసు. అయినా డిప్లొమా చదివిన బుర్రకు పోక మొక్కే గుర్తొచ్చింది. తేగ పేరు దిద్దినవాణ్ణి, దాని పని మరిచాను.

మిగిలిన ముప్ఫై గింజలకు లోతైన పాత్రలు కావాలి. సూరత్‌లో వాటికి కొదవలేదు. ప్రతి ఇంట్లో వేరుశనగ నూనె పదిహేను కిలోల డబ్బాల్లో కొంటారు. రాజవ్వ తను ఉండే వరసగదుల చాలీలో ఇల్లిల్లూ తిరిగి ఖాళీ డబ్బాలు పది తెచ్చింది. అడుగున రంధ్రాలు కొట్టాం. డబ్బాకు మూడు గింజలు. రేకు మీద ఇటుకలు పేర్చి, వాటిపైన డబ్బాలు నిలబెట్టి, చుట్టూ రంపపుపొట్టు కూరాం. థర్మామీటరును అడుగునుంచి తీసి గింజ పక్కన గుచ్చాను. వేడి గింజకు అందాలి, కాడ కొసను కాల్చకూడదు.

తనిఖీ రోజుకు నర్సరీకి చేర్చిన డబ్బాల్లో పైకి వచ్చిన ఆకులు నాలుగే. మేనేజరుగారు వంగి చూసి, అరవై గింజలకు నాలుగా అని హిందీలో అన్నారు. పక్కనున్న అధికారి పెన్ను తీశాడు. నేను రాజవ్వకు సైగ చేశాను. ఆమె రేకు కత్తెరతో ఒక డబ్బా పక్కగోడను పైనుంచి కిందిదాకా కోసింది. లోపల ఏం ఉంటుందో నాకూ తెలియదు.

మూడు గింజలు, మూడు తెల్లటి కాడలు. కొసలు చెక్కుచెదరకుండా జానెడు లోతున నిలిచాయి. "కిందికి మొల్చినయ్ సారు, జర ఆగుండ్రి, పైకొస్తయ్" అంది రాజవ్వ తెలుగులోనే, మేనేజరుగారితో. ఆయనకు భాష తెలియకపోయినా మాట అర్థమైంది. నర్సరీ నిలిచింది. ముప్ఫై గింజల్లో ఇరవైరెండు మొక్కలయ్యాయి. ఆ గేటు దారిలో ఈనాటికీ వరుసగా ఉన్నాయి. నా సర్వీసులో నేను ఛాతీ విరుచుకుని చెప్పుకునే పని ఇదొక్కటే.

తర్వాత విభాగానికి పని విధానం రాసి ఇమ్మన్నారు. గింజ మొలవలేదని రాసేముందు దాని కింద చూడాలని మొదటి వాక్యంగా రాశాను. ఏ గింజ ఎటు మొలుస్తుందో తెలుసుకున్నాకే వేడి ఎక్కడ పెట్టాలో నిర్ణయించాలని రెండోది. సలహా ఇచ్చినవారి పేరు అనే గడిలో రాజవ్వ పేరు పెట్టాను. పాత్ర లోతు గడిలో "కనీసం ఒక గేగు" అని రాస్తే, ఇదేం కొలత అని మేనేజరుగారు అడిగారు. మా నర్సరీ కొలత అని చెప్పాను. గుంటూరువాణ్ణయినా, ఆ గడిలో తేగ అని రాయలేదు.