చేతులు కడిగే పాట

పటాన్‌చెరు దగ్గర మా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాల్లోకి వెళ్లాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. ఎంతసేపు? ఏదైనా పాట పల్లవి రెండుసార్లు పాడుకున్నంతసేపు అని ట్రైనింగులో చెప్పారు. లోపలికి ఫోన్లూ గడియారాలూ రానివ్వరు మరి. అందరూ భజన పాటలు గొణుక్కుంటుంటే నేను అమ్మ క్యాసెట్లోని డిస్కో పాట అందుకున్నాను. అది వింటే కాలు ఊరుకోదు. నెల తిరక్కుండా సింకుల దగ్గర అందరి నోటా అదే. రెండోసారి పల్లవి అయిపోగానే వేళ్లు పైకి పెట్టి, చేతులు ఆరేదాకా నిలబడతాం.

నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మ వెంట తెచ్చుకున్న క్యాసెట్ అది. పాడినావిడ అప్పటిదాకా కోరస్‌లో వెనక నిలబడేదట. ఈ ఒక్క పాటతో ఊరూరా ఆమె గొంతే మోగిందని అమ్మ చెప్పేది. వింటుంటే నాకు ఆశ పుట్టేది. బడి రోజుల నుంచీ నాదీ వెనక వరసే. ఒక్కసారైనా మైకు ముందు ఒక్కదాన్నే నిలబడి పాట మొత్తం పాడాలి. అంతే నా కోరిక.

ఈసారి సేఫ్టీ వారోత్సవాల పాటల పోటీకి మా లైన్ లీడర్ అక్క నన్నడక్కుండానే నా పేరిచ్చేసింది.

"నా వల్ల కాదక్కా," అన్నాను.

"రోజు పాడేదే గదా. జెర గట్టిగ పాడు, గంతే," అంది.

వారం రోజులు వంటింట్లో చరణాలు బట్టీ పట్టాను. తీరా క్యాంటీన్లో వేదికెక్కి పల్లవి రెండుసార్లు పాడానో లేదో, నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. గొంతు ఆగిపోయింది. చూస్తే ముందు వరసల్లో మా ప్యాకింగ్ ఆడవాళ్లంతా చేతులెత్తి కూర్చున్నారు! మేనేజర్లు తెల్లమొహాలు వేశారు. చరణం మొదటి మాట ఎంతకీ గుర్తురాదే! సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఈ జన్మకు మైకు దక్కదనుకున్నాను.

అప్పుడు అక్క రోజూ సింకు దగ్గర అరిచినట్టే అరిచింది. "చేతులు ఆరినయ్! ఇగ లోపలికి నడువుండ్రి!"

క్యాంటీనంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వుతోపాటే చరణమూ వచ్చింది. ఒకచోట శ్రుతి తప్పినా ఆగకుండా చివరిదాకా పాడాను. బహుమతి స్టోర్స్‌లో పనిచేసే ఆయనకు వెళ్లింది. నిజం చెప్పొద్దూ, ఆయన నాకన్నా బాగా పాడాడు. అయినా షేర్ ఆటోలో ఇల్లు చేరేదాకా నా సంతోషం తగ్గలేదు.

ఇప్పుడు సింకుల దగ్గర చరణాలు కూడా మొదలయ్యాయి. "పల్లవి చాలు, లైన్ లేటయితది," అని అక్క కసురుతుంది. మొన్న కర్దనూరు నుంచి కొత్తగా చేరినామె, "ఎవరిదక్కా గీ పాట?" అని అడిగింది.

అక్క గడ్డంతో నన్ను చూపించి, "ఈమెదే," అంది.

కాదని చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోటితో పల్లవి అందుకున్నాను.