మంచులో పలికిన గొంతు

మా పక్కింటి సుబేదారు మామ పోయిన వారం కన్నుమూశాడు. తెల్లవారుజామున పరుగుకని లేచి, బూటు లేసు కట్టుకుంటూ మంచం మీదే పక్కకు ఒరిగిపోయాడట. రెండో బూటు కిందనే ఉండిపోయింది. అత్త వచ్చి మా తలుపు తట్టి, "మీ మామ ఈ పొద్దు రాడమ్మా" అంది. నేనూ మా వదినా అప్పటికే స్వెట్టర్లు తొడుక్కుని ఆయన కోసమే చూస్తున్నాం.

బంధువు కాకపోయినా మేము ఆయన్ని మామ అనే పిలిచేవాళ్లం. మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, బత్తలపల్లి దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. నాకు షుగర్ అని తెలిసిన రోజు గోడ మీదుగా చూసి, "మాత్రలు మింగుతా కూచుంటావా? రేపు పొద్దున్నే రా, పరిగెత్తల్ల" అన్నాడు. తోడుకు వదినను లాక్కెళ్లాను. చీరల మీద బూట్లు వేసుకుని పరిగెత్తే మమ్మల్ని చూసి ఊరంతా నవ్వింది. మామ మాత్రం, "నవ్వనీలేమ్మా. వాళ్ల ఊపిరి నవ్వేదానికి, మన ఊపిరి పరిగెత్తేదానికి" అనేవాడు.

మా నేల మీద వాన పడకపోయినా చలికాలంలో మంచు మాత్రం దిగుతుంది. కొన్ని పొద్దులు చెయ్యి చాచితే వేళ్లు కనిపించవు. చెనక్కాయ పీకేసిన చేలు, రాళ్ల గుట్టలు, అన్నీ తెల్లగా మాయమైపోతాయి. గాలిమరలు కూడా కనిపించవు. రెక్కలు తిరిగే చప్పుడు మాత్రం, నెత్తి మీద ఎవరో నిదానంగా ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది.

"మంచు బాగా ఉండాది మామా, రేపు పోదాం" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఇదీ ఒక మంచేనామ్మా! ఆడ, బార్డరు కొండల్లో మంచు అయితే కొరుకుతాది" అని ఎడమ పాదం చూపించేవాడు. దానికి కొన్ని వేళ్లు లేవు.

అలాంటి రోజుల్లో మామ ముందు, మేము వెనక. కాసేపటికొకసారి ఆయన వెనక్కి చూడకుండానే "ఉండారా?" అని అరిచేవాడు. "ఉండాం మామా!" అని మేము పలకాలి. ఆలస్యమైతే తిట్లే. "ముందర పోయేవాడు దావ చూడల్ల, యెనక వచ్చేవాడు పలకల్ల" అనేవాడు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. కల్వర్టు దగ్గరకొచ్చాక మామ "ఉండారా?" అన్నాడు. మేమింకా నోరు తెరవలేదు. మా వెనక నుంచి ఒక మగ గొంతు, "ఉండా" అంది.

ఆయాసం లేని గొంతు. చాలా దగ్గర. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తిరిగి చూస్తే తెల్లదనం తప్ప ఏమీ లేదు.

ఎన్నడూ ఆగని మామ ఆగి, మా దగ్గరకు నడిచొచ్చాడు.

"మీకూ ఇనపడిందా?"

తలలూపాం. ఆయన కల్వర్టు గోడ మీద కూలబడి, అప్పుడు చెప్పాడు.

సరిహద్దు కొండల్లో ఉన్నప్పుడు ఆయనకు గోరంట్ల వైపు నుంచి వచ్చినవాడొకడు తోడుండేవాడట. ఒక పొద్దున ఇద్దరూ పరుగుకు పోయినప్పుడు మంచుగాలి లేచింది. మామ ముందు. "ఉండావా?" అంటే వెనక నుంచి "ఉండా" అని జవాబు. క్యాంపు దాకా ఆ గొంతు పలుకుతూనే వచ్చింది. క్యాంపు చేరి తిరిగి చూస్తే మనిషి లేడు. వెతకబోతే, ఇద్దరూ క్యాంపు వైపు వెనక్కి మళ్లిన చోటికి దగ్గర్లోనే, విరిగిపడిన మంచు కింద దొరికాడు.

"మంచు పడినప్పుడే పానం పోయిందని డాక్టరు చెప్పినాడు. మరి దావంతా నాకు పలికిందెవరమ్మా?"

సెలవుకు వచ్చినప్పుడు ఆ మనిషి తల్లి దగ్గరకు పోయి ఇదే అడిగి ఏడ్చాడట. ఆమె కొంగుతో ఆయన కళ్లు తుడిచిందట. తర్వాత, "పలక్కుంటే నువ్వు యెనక్కి పోయింటావు నాయనా. నువ్వూ ఆడనే పోయింటావు. నిన్ను ఇల్లు చేర్చేదానికి పలికినాడులే" అందట.

"అప్పట్నుంచీ మంచు దిగితే పిలుస్తానే ఉండా. ఈ పొద్దే పలికినాడు" అన్నాడు మామ. లేచి, మా వెనక ఉన్న తెల్లదనంతో, ఇంట్లో మనిషితో అన్నట్టు, "పదప్పా, పోదాం" అన్నాడు. ఇల్లు చేరేదాకా నేను తల తిప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మేము బయటకు పోలేదు. మామే వచ్చి తలుపు కొట్టాడు. "మంచులో నిలబడిపోతే అది మనల్ని దాని మనిషే అనుకుంటాది. కదలండి" అన్నాడు. భయపడుతూనే కదిలాం. ఇప్పుడు నా షుగర్ అదుపులో ఉంది. దారి కనిపించకపోయినా అడుగు వేయగలనన్న ధైర్యం కూడా ఆయన ఇచ్చిందే. దానికి ఆయనకు ఒక్కసారీ దండం పెట్టలేదు. పెట్టనిచ్చే మనిషి కాదు.

నిన్న అత్తే, "పోయి రాండమ్మా, మీ మామకు అదే ఇష్టం" అని పంపింది. ఈ పొద్దున పోయాం. మంచు కమ్ముకుని ఉంది. అలవాటుగా మామకు ముందు చోటు వదిలి, ఇద్దరం పక్కపక్కన పరిగెత్తాం. ఊరు దాటాక, మాకు ముందుగా ఒక గొర్రెల మంద దారి నిండా పోతోంది. అడ్డం తప్పించమని కాపరిని కేకేయబోయాను. అవసరం లేకపోయింది. గొర్రెలు అప్పటికే నడిమికి చీలి, అటొక వరసా ఇటొక వరసా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఇద్దరు పట్టేంత దారి. కాపరి కంబళి కప్పుకుని మంద వెనకే ఉన్నాడు, వాటిని అదిలించనేలేదు. మేము ఆ దారిలోనే పోయాం. ఒక్క గొర్రె కూడా మా వైపు తిరగలేదు. ముక్కుల్లోంచి పొగలు వదులుతూ, చెవులు నిక్కించి, అన్నీ ముందున్న తెల్లదనంలోకే చూస్తున్నాయి.